ప్లాస్మిడ్ల ప్రతికృతిని ప్రారంభించే ప్రోటీన్ల నిర్మాణం

కార్వేటినగరం పరిసరాలలో వేరుసెనగ, చెరకు చేలకు, మామిడి తోటలకు పశువుల పేడతో పాటు కోళ్ల ఎరువును వాడడం పరిపాటి. ఎరువుతో పాటు చేనులోకి చేరేవి నత్రజని, భాస్వరం, పొటాష్ మాత్రమే కావు. కోట్లాది బాక్టీరియాలు, వాటి కడుపులోని ప్లాస్మిడ్లు కూడా చేరుతాయి. కోళ్లకు, పశువులకు వాడిన యాంటీబయాటిక్ మందులను తట్టుకొనే జన్యువులు ఎక్కువగా ఉండేది ఈ ప్లాస్మిడ్ల మీదనే. కొలిస్టిన్ అనే మందును నిర్వీర్యం చేసే జన్యువు ప్లాస్మిడ్ మీద ఉన్నదని చైనా శాస్త్రవేత్తలు 2015లో ప్రకటించారు. ఆహారానికై పెంచే పశుపక్ష్యాదులకు, చేపల రొయ్యల పెంపకానికి, దాణాలో కలపడానికి ఆ మందును వాడరాదని భారత ప్రభుత్వం 2019 జూలైలో నిషేధించింది. మందును నిషేధించినంత మాత్రాన ప్లాస్మిడ్ మాయం కాదు. బాక్టీరియా విభజన చెందిన ప్రతిసారీ ఆ ప్లాస్మిడ్ తన నకలును తాను తయారుచేసుకొని పిల్లకణాలలోనికి చేరుతూనే ఉంటుంది. ఆ నకలు తీయడం ఎక్కడ, ఎట్లా మొదలవుతుందన్నదే ఈ వ్యాసానికి విషయం.

బాక్టీరియా కణంలో క్రోమోసోమ్‌తో సంబంధం లేకుండా, సాధారణంగా వలయాకారంలో ఉండే డీఎన్‌ఏ అణువును ప్లాస్మిడ్ అంటారు. ఈ పేరును 1952లో జాషువా లెడర్‌బర్గ్ పెట్టాడు. ఫ్రాన్సువా జాకబ్, సిడ్నీ బ్రెన్నర్, ఫ్రాన్సువా కుజాఁ అనే ముగ్గురు 1963లో ‘రెప్లికాన్’ సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. తనంతట తాను ప్రతికృతి చెందే ప్రతి డీఎన్‌ఏ అణువులోనూ రెండు అంశాలు ఉండాలని వారి భావన. ఒకటి, ప్రతికృతి మొదలయ్యే నిర్దిష్ట స్థానం. రెండవది, ఆ స్థానాన్ని గుర్తించి పనికి నాంది పలికే పదార్థం. ఆ పదార్థమే తరువాతి కాలంలో ప్రారంభక ప్రోటీన్‌గా తేలింది. ప్లాస్మిడ్ల విషయంలో దీనిని క్లుప్తంగా ‘రెప్’ ప్రోటీన్ అని వ్యవహరిస్తారు. ప్లాస్మిడ్ తనకు కావలసిన డీఎన్‌ఏ పాలిమరేజ్‌ను గాని, హెలికేజ్‌ను గాని సాధారణంగా తయారుచేసుకోదు; అవన్నీ ఆతిథేయి బాక్టీరియా నుండి ఎరువు తెచ్చుకొన్నవే. తన సొంతమని చెప్పుకోదగినది ఈ ఒక్క ప్రోటీన్. కనుక ప్లాస్మిడ్ ఏ బాక్టీరియాలో బ్రతకగలదు, ఒక్కొక్క కణంలో ఎన్ని నకళ్లుగా ఉండగలదు అన్న విషయాలు చాలవరకు దీని నిర్మాణం మీదనే ఆధారపడి ఉంటాయి.

ఇటెరాన్లు, వాటిని చదివే రెక్కలు

గ్రామ్ రుణాత్మక బాక్టీరియాలలోని అనేక ప్లాస్మిడ్లలో ప్రారంభస్థానం దగ్గర ఒకే క్షారాల వరుస పలుమార్లు, ఒకే దిశలో, వరుసగా కనిపిస్తుంది. వీటిని ఇటెరాన్లు అంటారు. ఒక్కొక్కటి సుమారు 17 నుండి 22 క్షారజతల పొడవు ఉంటుంది. ఎఫ్ ప్లాస్మిడ్ ప్రారంభస్థానంలో 19 జతల ఇటెరాన్లు 4, ఆర్6కె ప్లాస్మిడ్ గామా స్థానంలో 22 జతలవి 7 ఉన్నాయి. ఇటెరాన్ల పక్కనే అడినిన్, థైమిన్ క్షారాలు అధికంగా ఉన్న భాగం ఒకటి ఉంటుంది. అడినిన్, థైమిన్ల మధ్య రెండు హైడ్రోజన్ బంధాలే గనుక ఆ భాగంలో రెండు పోచలు సులువుగా విడిపోతాయి. దాని సమీపంలో క్రోమోసోమ్ ప్రతికృతిని ప్రారంభించే ‘డీఎన్‌ఏ-ఏ’ అనే ఆతిథేయి ప్రోటీన్ అంటుకొనే స్థానాలు కూడా తరచుగా ఉంటాయి.

రెప్ ప్రోటీన్ ఇటెరాన్‌ను ఎట్లా గుర్తిస్తుందో చాలాకాలం ఊహగానే మిగిలిపోయింది. 1999లో జపాన్‌కు చెందిన కొమోరి, ఆయన సహచరులు ఎఫ్ ప్లాస్మిడ్‌లోని రెప్-ఈ ప్రోటీన్‌ను ఇటెరాన్ డీఎన్‌ఏతో కలిపి స్ఫటికంగా మార్చి, ఎక్స్-కిరణాల సహాయంతో 2.6 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో దాని ఆకృతిని నిర్ధారించారు. ఈ ప్రోటీన్‌లో 251 అమైనో ఆమ్లాలున్నాయి. అది ఒకే ముద్దగా కాక, ఒకదాన్నొకటి పోలిన రెండు భాగాలుగా ముడుచుకొని ఉన్నట్లు తేలింది. అమైనో ఆమ్లాల వరుసను మాత్రమే చూస్తే ఆ రెండింటి మధ్య పోలిక స్ఫురించదు. ఆకృతిని చూసినప్పుడే అవి తోడబుట్టినవని తెలుస్తుంది. ఒక్కొక్క భాగంలో మూడు హెలిక్సుల కట్ట, దాని పక్కన బీటా పోచలు మడతపడి ఏర్పడిన రెక్క వంటి భాగం ఉంటాయి. అందువల్ల ఈ అమరికకు ‘రెక్కల హెలిక్స్’ అని పేరు. మొదటి భాగాన్ని డబ్ల్యూహెచ్1 అని, రెండవ భాగాన్ని డబ్ల్యూహెచ్2 అని పిలుస్తారు.

డీఎన్‌ఏ మెలిక మీద ఒక వెడల్పు గాడి, ఒక ఇరుకు గాడి ఉంటాయి. క్షారాల వరుసను చదవడానికి వీలైనది వెడల్పు గాడి. రెప్-ఈ ప్రోటీన్ డీఎన్‌ఏకు ఒకే వైపున నిలబడి, రెండు భాగాలలోని గుర్తింపు హెలిక్సులను వరుసగా రెండు వెడల్పు గాడులలో దూర్చుతుంది. పాలు పితికేవాడు రెండు చేతులతో రెండు చన్నులను పట్టినట్లు ఒక ఇటెరాన్‌ను ఒకే అణువు రెండు చోట్ల పట్టుకొంటుందన్న మాట. రెండు పట్లూ సమానం కావు. డబ్ల్యూహెచ్2 పట్టు గట్టిది, క్షారాలను నిర్దిష్టంగా చదివేది. డబ్ల్యూహెచ్1 పట్టు సడలినది. ఆర్6కె ప్లాస్మిడ్‌లోని, గ్రీకు అక్షరం ‘పై’ పేరు గల ప్రోటీన్ నిర్మాణాన్ని 2006లో స్వాన్, ఆయన సహచరులు నిర్ధారించినప్పుడు కూడా ఇదే అమరిక కనిపించింది. వేరువేరు ప్లాస్మిడ్లలో, వరుసల పోలిక చాలా తక్కువగా ఉన్న ప్రోటీన్లలో ఒకే ఆకృతి నిలిచి ఉండడం గమనింపదగినది.

జంటగా ఒక పని, ఒంటిగా మరొక పని

కొమోరి బృందం సహజమైన రెప్-ఈని కాక, ఒక మార్పు చేసిన రూపాన్ని స్ఫటికీకరించవలసి వచ్చింది. 118వ స్థానంలోని ఆర్జినిన్‌కు బదులు ప్రోలిన్ చేర్చితే ఆ ప్రోటీన్ జంట కట్టదు. సహజ రూపమైతే కణంలో అత్యధిక భాగం జంటలుగానే ఉంటుంది, ఇటెరాన్లను పట్టుకోదు. ఇక్కడే ఈ ప్రోటీన్ల ప్రవర్తనలోని అసలు కిటుకు ఉన్నది.

జంటగా ఉన్నప్పుడు రెప్ ప్రోటీన్ తన జన్యువు ముందు ఉన్న నియంత్రణ స్థానానికి అంటుకొని, తన ఉత్పత్తిని తానే అదుపు చేసుకొంటుంది. ఒంటిగా ఉన్నప్పుడు ఇటెరాన్‌కు అంటుకొని ప్రతికృతిని ప్రారంభిస్తుంది. నియంత్రణ స్థానంలో ఒక చిన్న వరుస ఎదురెదురుగా రెండుసార్లు ఉంటుంది. ఇటెరాన్లలోనూ ఆ వరుస ఉంటుంది. ఎఫ్ ప్లాస్మిడ్ విషయంలో ఈ ఉమ్మడి వరుస 8 క్షారాలది. జంటలోని ఇద్దరు సభ్యులు తమ డబ్ల్యూహెచ్2 భాగాలతో చెరొక సగాన్ని పట్టుకొంటారు. అప్పుడు డబ్ల్యూహెచ్1 భాగాలు ఒకదానినొకటి అదుముకొని ఉంటాయి గనుక డీఎన్‌ఏను పట్టడానికి వాటికి వీలుండదు. రెప్-ఈ జంట నియంత్రణ స్థానాన్ని పట్టుకొన్న స్థితిలోని స్ఫటిక నిర్మాణం 2007లో వెలువడడంతో ఈ రెండు స్థితులనూ పక్కపక్కన పెట్టి పోల్చి చూడగలిగాము.

జంట విడిపోవడం కేవలం రెండు ముక్కలు వేరు కావడం కాదు. స్పెయిన్ శాస్త్రవేత్త రఫాయెల్ గిరాల్డో, ఆయన బృందం పీపీఎస్10 అనే ప్లాస్మిడ్‌లోని రెప్-ఏ ప్రోటీన్ మీద చేసిన పరిశోధనలు దీనిని విశదం చేశాయి. ఈ ప్లాస్మిడ్ ఆలివ్ చెట్లకు బుడిపెల తెగులు కలిగించే సూడోమోనాస్ బాక్టీరియాలోనిది. సస్యరోగ శాస్త్రవేత్తలు రోగకారకం కోసం వెదకి తీసిన బాక్టీరియా నిర్మాణ జీవశాస్త్రానికి ఇంత ఉపకారం చేయడం విశేషమే. 2003లో వీరు డబ్ల్యూహెచ్1 భాగం జంటగా ఉన్న నిర్మాణాన్ని ప్రకటించారు. జంట విడిపోయేటప్పుడు ఈ భాగంలోని కొంత హెలిక్స్ విప్పుకొని బీటా పోచగా మారుతుందని, అట్లా రూపం మార్చుకొన్న తరువాతనే అది ఇటెరాన్ రెండవ కొసను పట్టుకోగలదని వారు చూపారు. అంటే ఒకే అమైనో ఆమ్లాల వరుస సందర్భాన్ని బట్టి రెండు ఆకృతులలో ఉండగలదు.

ఈ విడదీత చాలా ప్లాస్మిడ్లలో దానంతట అది చాలినంతగా జరగదు. ఆతిథేయి కణంలో ప్రోటీన్ల మడతలను సరిదిద్దే షాపెరోన్లు తోడ్పడాలి. రెప్-ఈ జంటను విడదీసేవి డీఎన్‌ఏ-కె, డీఎన్‌ఏ-జె, జీఆర్‌పీ-ఈ అనే మూడు ప్రోటీన్లు. ఆర్‌కె2 ప్లాస్మిడ్‌లోని టీఆర్‌ఎఫ్-ఏ ప్రోటీన్‌ను సీఎల్‌పీ-ఎక్స్ అనే షాపెరోన్ విడదీయగలదు. ఈ షాపెరోన్లు వేడి తగిలినప్పుడు కణంలో ఎక్కువగా తయారయ్యేవి. ఎండదెబ్బకు కణం చేసుకొనే ఏర్పాటును ప్లాస్మిడ్ తన ప్రతికృతికి వాడుకొంటున్నదన్న మాట.

నకళ్ల సంఖ్యకు కళ్లెం

ప్లాస్మిడ్ నకళ్లు మరీ పెరిగితే ఆతిథేయికి భారమవుతుంది. తగ్గితే పిల్లకణాలకు అందక అంతరించిపోతుంది. అందువల్ల ఎఫ్ ప్లాస్మిడ్ కణానికి ఒకటి రెండు నకళ్లతో, పీఎస్‌సీ101 సుమారు 5 నకళ్లతో, ఆర్6కె సుమారు 15 నకళ్లతో సరిపెట్టుకొంటాయి. రెప్ జంట తన జన్యువును అణచుకోవడం ఈ కళ్లెంలో ఒక పాయ. రెండవ పాయ మరింత ఆసక్తికరమైనది. నకళ్లు పెరిగినప్పుడు ఒక ప్లాస్మిడ్ ఇటెరాన్ల మీద కూర్చున్న రెప్ అణువులు మరొక ప్లాస్మిడ్ ఇటెరాన్ల మీది రెప్ అణువులతో ముడిపడతాయి. రెండు ప్రారంభస్థానాలూ కట్టుబడిపోవడం వలన ఏ ఒక్కటీ తెరుచుకోదు. పరిశోధకులు దీనికి ‘సంకెళ్లు’ అన్న అర్థం వచ్చే పేరే పెట్టారు. కణం పెరిగి రెండుగా విడిపోయి ప్లాస్మిడ్ల సాంద్రత తగ్గినప్పుడు ఈ సంకెళ్లు సడలుతాయి.

ఈ ముడిలో డబ్ల్యూహెచ్1 పాత్ర విచిత్రమైనది. ఆ భాగానికి పోగులుగా పేరుకొనే స్వభావం ఉన్నదని గిరాల్డో బృందం 2007లో పరీక్షనాళికలో చూపింది. మనిషి మెదడును క్షీణింపజేసే కొన్ని వ్యాధులలో కనిపించే అమిలాయిడ్ పోగులను ఇవి పోలి ఉంటాయి. 31వ అమైనో ఆమ్లమైన అలనిన్‌ను వాలిన్‌గా మార్చితే ఈ స్వభావం తీవ్రమై బాక్టీరియాకే హాని కలుగుతుంది. అయితే సహజ ప్రోటీన్‌లో ఈ గుణం రోగం కాదు, ఒక పనిముట్టు: రెండు ప్లాస్మిడ్లను కట్టివేసే సంకెలలో అదే రకమైన కూర్పు ఉన్నదని 2016లో వెలువడిన పరిశోధన సూచించింది. ఒక ప్రోటీన్ వికృతిగా కనిపించే గుణాన్ని ప్రకృతి నియంత్రణకు వాడుకోవడం నన్ను ఈ అంశం వైపు మొదట ఆకర్షించిన సంగతి.

తలుపు తెరిచిన తరువాత

ఇటెరాన్లన్నిటి మీద రెప్ అణువులు కూర్చున్న తరువాత డీఎన్‌ఏ వంగుతుంది. పక్కనున్న అడినిన్-థైమిన్ భాగం విచ్చుకొంటుంది. విచ్చుకొన్న చోటికి డీఎన్‌ఏ-బి అనే హెలికేజ్ రావాలి. దానిని రప్పించడంలో డీఎన్‌ఏ-ఏతో పాటు రెప్ ప్రోటీన్ కూడా పాల్గొంటుంది. టీఆర్‌ఎఫ్-ఏ ప్రోటీన్ విచ్చుకొన్న రెండు పోచలలో ఒకదానిని ప్రత్యేకంగా పట్టుకొని, పాలిమరేజ్‌ను డీఎన్‌ఏ మీద నిలిపే బీటా పట్టకారును అక్కడికే రప్పిస్తుందని 2015లో తేలింది. ప్రతికృతి ఏ దిక్కుకు సాగాలో ఇందువలన నిర్ణయమవుతుంది.

ఆర్‌కె2 ప్లాస్మిడ్ 1969లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ ఆసుపత్రిలో కాలిన గాయాల విభాగం నుండి బయటపడింది. గ్రామ్ రుణాత్మక బాక్టీరియాలలో ఇది బ్రతకలేనివి అరుదు. దీనికొక కారణం టీఆర్‌ఎఫ్-ఏ రెండు పొడవులలో తయారుకావడం: ఒకటి 33, మరొకటి 44 కిలోడాల్టన్లు. ఈ. కోలైలో డీఎన్‌ఏ-ఏ తోడు అవసరం. సూడోమోనాస్ ఏరుజినోసాలో మాత్రం పొడవు రూపం ఆ తోడు లేకుండానే హెలికేజ్‌ను దించగలదు. ఊరికొక భాష మాట్లాడగల వర్తకుని వంటిది ఈ ప్రోటీన్. వ్యవసాయానికి దీనితో నేరుగా సంబంధం ఉన్నది. మొక్కలలో జన్యువులు చొప్పించడానికి 1984లో రూపొందిన పీబిన్19 వాహకం ఈ ఆర్‌కె2 ప్రారంభస్థానం, టీఆర్‌ఎఫ్-ఏ జన్యువుల ఆధారంతోనే అటు ఈ. కోలైలో, ఇటు ఆగ్రోబాక్టీరియంలో నిలుస్తుంది. పీకాంబియా వాహకాలలో ఆ బాధ్యత పీవీఎస్1 అనే సూడోమోనాస్ ప్లాస్మిడ్ తాలూకు రెప్-ఏ ప్రోటీన్‌ది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు వేరుసెనగలో ఆగ్రోబాక్టీరియం ద్వారా జన్యుమార్పిడికి సమర్థమైన పద్ధతిని 2000లో ప్రచురించారు. ఇటువంటి ప్రతి ప్రయోగంలోనూ, మనము గమనించినా గమనించకపోయినా, ఒక రెప్ ప్రోటీన్ తెరవెనుక పనిచేస్తూనే ఉంటుంది. ఆగ్రోబాక్టీరియం సొంత టీఐ ప్లాస్మిడ్‌ది వేరే పద్ధతి: అక్కడ రెప్-ఏ, రెప్-బి అనేవి ప్లాస్మిడ్‌ను పిల్లకణాలకు పంచే ప్రోటీన్లు, ప్రారంభకం రెప్-సి, ప్రారంభస్థానం ఆ రెప్-సి జన్యువు లోపలనే ఉన్నది. చిక్కుడు జాతి మొక్కల వేరుబుడిపెలలో ఉండే రైజోబియం ప్లాస్మిడ్లదీ ఇదే కుటుంబం. మన వేరుసెనగ బుడిపెలలోని బ్రాడీరైజోబియం మాత్రం ఆ జన్యువులను సాధారణంగా క్రోమోసోమ్ మీదనే ఉంచుకొంటుంది.

కత్తెరతో మొదలుపెట్టేవి

పై పద్ధతికి పూర్తిగా భిన్నమైనది దొర్లుడు వలయ పద్ధతి. గ్రామ్ ధనాత్మక బాక్టీరియాలలోని అనేక చిన్న ప్లాస్మిడ్లు దీనిని అనుసరిస్తాయి. వీటి రెప్ ప్రోటీన్ డీఎన్‌ఏను విప్పి ఊరుకోదు, కోస్తుంది. ప్రారంభస్థానంలో పిన్నుసు ఆకారంలో నిలిచిన మెలిక కొసన ఒక పోచను కోసి, తనలోని టైరోసిన్ అమైనో ఆమ్లంతో ఆ తెగిన 5' కొసను పట్టి ఉంచుతుంది. రెండవ కొస నుండి పాలిమరేజ్ కొత్త పోచను అల్లుతూ పోతుంది; పాత పోచ దారపుండ నుండి దారం ఊడినట్లు ఊడివస్తుంది. ఒక చుట్టు పూర్తయిన తరువాత ఆ ప్రోటీనే కొసలను మళ్లీ అతుకుతుంది.

పొదుగువాపు వ్యాధి కారకాలలో ఒకటైన స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే నుండి లభించిన పీఎంవీ158 ప్లాస్మిడ్‌లోని రెప్-బి నిర్మాణం 2009లో వెలువడింది. టెట్రాసైక్లిన్‌ను తట్టుకొనే జన్యువును మోసే ప్లాస్మిడ్ ఇది. ఆరు రెప్-బి అణువులు ఒక ఉంగరంగా కూడి ఉంటాయి. అణువుల సి-కొస భాగాలు ఉంగరాన్ని ఏర్పరిస్తే, కోసే భాగాలు దాని మీద అటూ ఇటూ కదిలే చేతులవలె అమరి ఉంటాయి. కోసే గదిలో మాంగనీస్ అయాన్ ఒకటి, దానిని పట్టి ఉంచే హిస్టిడిన్లు, 99వ స్థానంలో టైరోసిన్ కనిపిస్తాయి.

ఇదే కత్తెర మన పొలాలలో మరొక రూపంలో ఉన్నది. మదనపల్లె టమాటా రైతులను వేధించే ఆకుముడత తెగులు, మినుము పెసరలలో పల్లాకు తెగులు తెల్లదోమ ద్వారా వ్యాపించే జెమినీ వైరస్‌ల వలన వస్తాయి. వీటి జన్యుపదార్థం ఒంటిపోచ డీఎన్‌ఏ వలయం. వాటి ప్రతికృతికి అనివార్యమైన వైరస్ ప్రోటీన్ ఒక్కటే, దాని పేరు కూడా రెప్. అది టి-ఎ-ఎ-టి-ఎ-టి-టి-ఎ-సి అనే తొమ్మిది క్షారాల వరుసలో ఏడవ, ఎనిమిదవ క్షారాల మధ్య కోస్తుంది. కోసేది 103వ స్థానంలోని టైరోసిన్. టమాటా పసుపు ఆకుముడత వైరస్ రెప్ ఎన్-కొస భాగం నిర్మాణం 2002లో వెలువడింది. పీఎంవీ158 రెప్-బి కోసే భాగంతో దానిని పోల్చి చూస్తే ఒకే అచ్చున పోసినట్లు ఉంటుంది. జెమినీ వైరస్‌లు మొక్కలలో నివసించే ఫైటోప్లాస్మా ప్లాస్మిడ్ల నుండి ఉద్భవించి ఉండవచ్చునని 2009లో కృపోవిచ్, ఆయన సహచరులు ప్రతిపాదించారు. వంగలో, నువ్వులో వెర్రితెగులు కలిగించే సూక్ష్మజీవులు ఈ ఫైటోప్లాస్మాలే. నువ్వు చేనులోని వెర్రికి, టమాటా ఆకుల ముడతకు ఒక పూర్వపు చుట్టరికం ఉండవచ్చునన్న ఈ ఊహ నాకు సమంజసంగానే తోస్తున్నది.

స్టాఫిలోకాకస్‌లోని పెద్ద ప్లాస్మిడ్ల రెప్-ఏ ప్రోటీన్లు ఈ రెండు తెగలకూ చెందవు. 2014లో నిర్ధారించిన నిర్మాణంలో వాటి ముందు భాగం రెక్కల హెలిక్స్‌గానే ఉన్నా, వెనుక భాగం ఆతిథేయిలోని డీఎన్‌ఏ-డి అనే ప్రోటీన్‌ను పోలి ఉన్నది.

రెప్ లేని ప్లాస్మిడ్లు

రెప్ ప్రోటీన్ అవసరమే లేని ప్లాస్మిడ్లూ ఉన్నాయి. కోల్-ఈ1 కుటుంబంలో ప్రతికృతికి నాంది పలికేది ఆతిథేయి ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ అల్లిన ఆర్‌ఎన్‌ఏ తునక. అది డీఎన్‌ఏకు అతుక్కొని ఉండి పాలిమరేజ్‌కు ఆధారమవుతుంది. హైదరాబాదు పరిశోధకులు హరినారాయణన్, గౌరీశంకర్ 2003లో ప్రచురించిన పత్రం ఈ కుటుంబానికి సంబంధించినది. ఈ. కోలైలో ఆర్‌ఎన్‌ఏ తయారీని సకాలంలో ముగించే వ్యవస్థ లోపిస్తే, క్రోమోసోమ్ మీద అనేకచోట్ల ఆర్‌ఎన్‌ఏ డీఎన్‌ఏకు అతుక్కొనిపోతుందని, దానిని తొలగించే కారకాలు అక్కడే ఖర్చయిపోగా ప్లాస్మిడ్ నకళ్లు అదుపు తప్పి పెరుగుతాయని వారు వివరించారు. రెప్ ప్రోటీన్ లేనిచోట కళ్లెం ఎంత పరోక్షంగా ఉంటుందో దీనివలన అర్థమవుతుంది.

ప్రయోగశాలలో, పొలంలో

రెప్ నిర్మాణంలోని చిన్న మార్పులు పరిశోధకులకు చక్కని పనిముట్లయినాయి. పీఎస్‌సీ101 రెప్-ఏలో ఒక మార్పు వలన 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ప్లాస్మిడ్ నిలుస్తుంది, 37 దగ్గర నకలు తీయలేక పోతుంది. పని ముగిసిన తరువాత ప్లాస్మిడ్‌ను వదిలించుకోవడానికి ఇది ఎంతో సదుపాయం. అయితే మా రాయలసీమ వేసవిలో ఇదే శాపం కావచ్చు. ఒక మే నెలలో రాత్రి కరెంటు పోయి, పళ్లాలు బల్ల మీదనే ఉండిపోయినందున వారం రోజుల శ్రమ వృథా అయిన అనుభవం నాకున్నది; ఉదయానికి బాక్టీరియా పుష్కలంగా పెరిగి ఉన్నది, ప్లాస్మిడ్ జాడ లేదు. అట్లాగే ఆర్6కె ప్రారంభస్థానం గల వాహకాలు, ‘పై’ ప్రోటీన్‌ను తయారుచేసే ప్రత్యేక ఈ. కోలై రకాలలో మాత్రమే బ్రతుకుతాయి. వేరే బాక్టీరియాలోనికి పంపితే క్రోమోసోమ్‌లో కలవాలి, లేదా నశించాలి. నేల బాక్టీరియాలలో ఒక జన్యువును తొలగించి దాని పనిని తెలుసుకోవడానికి ఈ గుణమే ఆధారం.

కొలిస్టిన్‌ను తట్టుకొనే జన్యువును మోసే ప్లాస్మిడ్లలో ఇంక్-ఎక్స్4 అనే తెగ ఒకటి. కార్బపెనెమ్ మందులను ఛేదించే ఎన్‌డీఎం జన్యువులను తరచుగా మోసేది ఇంక్-ఎక్స్3. ఇవి రెండూ ఆర్6కెకు దాయాదులు. వీటి ప్రారంభక ప్రోటీన్లు ‘పై’ ప్రోటీన్ కుటుంబానివే. రెప్ ఒంటి రూపాన్ని జంట రూపంలోనే బంధించి ఉంచగల చిన్న అణువు దొరికితే, బాక్టీరియాను చంపకుండానే దానిలోని ప్లాస్మిడ్‌ను క్రమంగా వదిలించవచ్చునన్న ఆలోచన ఉన్నది. బాక్టీరియా చావదు గనుక దానిని తట్టుకొనే రకాల ఎంపికకు ఒత్తిడి తక్కువగా ఉంటుందని ఆశ. ఈ ఆలోచన ఇంకా ప్రయోగశాల గడప దాటలేదు. జంట కట్టే డబ్ల్యూహెచ్1 ముఖతలం విశాలంగా, నునుపుగా ఉండడం, చిన్న అణువు ఇమిడే లోతైన గుంట అక్కడ లేకపోవడం ప్రధానమైన అడ్డంకి. దొర్లుడు వలయ రెప్‌లలోనైతే మాంగనీస్ అయాన్ కూర్చున్న గది అటువంటి గుంటయే. టమాటా ఆకుముడత వైరస్ రెప్‌లోనూ ఆ గది ఉన్నది.